విశాఖపట్నంలో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఎస్సీ. పూర్తి చేసి పరిశోధన వైపు చూస్తున్న ఉత్తరాంధ్ర విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. నిబంధనల విషయంలో యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2022 నవంబరులో నోటిఫై చేసిన పీహెచ్‌డీ రెగ్యులేషన్లను ఆధారంగా తీసుకున్నాము. దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఇచ్చిన నోటిఫికేషన్‌ను పూర్తిగా చదవాలి.

ఎం.ఎస్సీ.లో ప్రాక్టికల్స్ అన్నీ చేశాను. పీహెచ్‌డీలో అంతకంటే భిన్నంగా ఏమి చేయవలసి ఉంటుంది?

ఎం.ఎస్సీ. ప్రాక్టికల్‌లో రావలసిన విలువ రికార్డు పుస్తకంలో ముందే ఉంటుంది. మీ రీడింగ్ దానికి దగ్గరగా వస్తే ప్రయోగం సరిగ్గా చేసినట్లు. పీహెచ్‌డీలో అలా సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. వచ్చిన విలువ నిజమా, పొరపాటా అన్నది మీరే మరికొన్ని ప్రయోగాలతో తేల్చాలి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పనిలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి క్షయకరణం (రిడక్షన్) చేస్తే నీలిరంగు వస్తుంది, ఆ రంగు గాఢతే ఫాస్ఫేట్ పరిమాణాన్ని చెబుతుంది. అదే పద్ధతిని కండరాల నుంచి తీసిన ద్రావణంపై ప్రయోగించినప్పుడు రంగు ఉండవలసినంత వేగంగా రాలేదు. ద్రావణం పాడైందని పారబోయకుండా ఆ ఆలస్యానికి కారణం వెదకడం వల్ల, సులభంగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం కండరంలో ఉన్నదని తేలింది. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927లో వెల్లడైంది. రెండేళ్లకు అదే ప్రయోగశాల నుంచి కణాలకు శక్తిని అందించే ఏటీపీ అనే సమ్మేళనం గురించిన నివేదిక కూడా వచ్చింది. సుబ్బారావు గారికి 1930లో పీహెచ్‌డీ లభించింది. ఏటీపీని విడగొట్టే ఏటీపీయేజ్ ఎంజైములపై పనిచేసేవారు విడుదలైన ఫాస్ఫేట్‌ను కొలవడానికి ఆ నీలిరంగు పద్ధతిని, దాని రూపాంతరాలను నేటికీ వాడుతున్నారు.

అనుకోని రీడింగ్ వచ్చినప్పుడు దాని వెంట వెళ్లగలగడమే ఈ చదువులో నేర్చుకోవలసిన అసలు విద్య అని మా అభిప్రాయం. గైడ్‌ను, అంశాన్ని, ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు కింద చెప్పిన సలహాలన్నీ ఆ అవకాశం మీకు దక్కాలనే ఉద్దేశంతో ఇచ్చినవే.

చేరడానికి ఎంత శాతం మార్కులు కావాలి? బయోకెమిస్ట్రీ ఎం.ఎస్సీ. తప్పనిసరా?

పీజీలో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారు 75 శాతం మార్కులతో పీజీ లేకుండానే అర్హులవుతారు. ఎస్సీ, ఎస్టీ, నాన్-క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జువాలజీ, బోటనీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినవారిని కూడా చాలా విభాగాలు అనుబంధ సబ్జెక్టుల కింద అనుమతిస్తాయి. కెమిస్ట్రీ నుంచి వచ్చినవారికి కణజీవశాస్త్రం, జువాలజీ నుంచి వచ్చినవారికి థర్మోడైనమిక్స్, ఎంజైమ్ కైనెటిక్స్ కొత్తగా అనిపిస్తాయి కనుక, చేరే ముందే ఆ లోటు పూడ్చుకోవడం మంచిది.

ఏ పరీక్ష రాయాలి?

అన్నిటికంటే ఎక్కువ తలుపులు తెరిచేది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ (జాతీయ అర్హత పరీక్ష). బయోకెమిస్ట్రీ విద్యార్థులు సాధారణంగా లైఫ్ సైన్సెస్ పేపరు రాస్తారు. మూడు గంటలు, 200 మార్కులు. పార్ట్ ఏలో 20 ప్రశ్నలకు 15, పార్ట్ బీలో 50 ప్రశ్నలకు 35, పార్ట్ సీలో 75 ప్రశ్నలకు 25 రాయాలి. మొదటి రెండు భాగాల్లో ప్రశ్నకు 2 మార్కులు, పార్ట్ సీలో 4 మార్కులు. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు పోతుంది. పార్ట్ సీలోనే సగం మార్కులు ఉన్నాయి, అందులో జ్ఞాపకశక్తి కంటే ప్రయోగ ఫలితాన్ని చదివి తర్కించడం ముఖ్యం. గ్రాఫు ఇచ్చి, ఈ ఇన్హిబిటర్ (ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థం) ఏ రకానికి చెందినదని అడుగుతారు. పాఠ్యపుస్తకం వల్లె వేసినవారు ఇక్కడే ఆగిపోతున్నారు. పాత ప్రశ్నపత్రాల్లోని పార్ట్ సీ ప్రశ్నలను ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి కూర్చుని, ప్రతి తప్పు ఐచ్ఛికం ఎందుకు తప్పో చర్చించుకుంటూ సాధన చేయడం ఏ కోచింగ్‌కూ తీసిపోదు.

2024 నుంచి నెట్ ఫలితాలు మూడు శ్రేణులుగా వస్తున్నాయి. మొదటిది జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌తో పాటు మిగిలిన రెండు అర్హతలు, రెండవది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం, మూడవది పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు శ్రేణుల వారికి ప్రవేశాల్లో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ స్కోరు ప్రవేశాల కోసం ఒక ఏడాది మాత్రమే చెల్లుతుంది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరడానికి ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తమ పరీక్షను తామే నిర్వహించుకుంటాయి. గేట్ అనే జాతీయ పరీక్ష రాయదలచినవారు లైఫ్ సైన్సెస్ పేపరులో కెమిస్ట్రీని తప్పనిసరిగా రాసి, మిగిలిన విభాగాల నుంచి బయోకెమిస్ట్రీతో పాటు మరొకటి ఎంచుకోవచ్చు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. టీఐఎఫ్‌ఆర్ (టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ) తదితర సంస్థల జీవశాస్త్ర విభాగాలకు జేజీబిల్స్ అనే మరో పరీక్ష ఉంది.

విశాఖలో ఎక్కడెక్కడ చేయవచ్చు? హైదరాబాదుకు వెళ్లడం మంచిదా?

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ విభాగం ఉంది. సహజ పదార్థాల రసాయనశాస్త్రంలో ఈ ప్రాంగణానికి పాత పేరుంది. ఫ్లేవనాయిడ్లపై ప్రసిద్ధ పరిశోధనలు చేసిన టి.ఆర్. శేషాద్రి గారు 1933 నుంచి ఢిల్లీకి వెళ్లే వరకు ఇక్కడే పనిచేశారు. గీతం డీమ్డ్ విశ్వవిద్యాలయంలో కూడా జీవశాస్త్ర పరిశోధన జరుగుతున్నది. 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాల, దానికి అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి క్లినికల్ బయోకెమిస్ట్రీ పనికి పెద్ద ఆధారం. సముద్ర జీవులపై ఆసక్తి ఉన్నవారికి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థల కేంద్రాలు నగరంలోనే ఉన్నాయి.

హైదరాబాదులో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పరికరాలు ఎక్కువ, వచ్చే అతిథి శాస్త్రవేత్తలు ఎక్కువ, సాయంత్రం సెమినార్లూ ఎక్కువ. క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (గడ్డకట్టించిన అణువులను చూసే సూక్ష్మదర్శిని పద్ధతి) లేదా భారీ ప్రొటియోమిక్స్ (వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచే పని) మీద పని చేయాలనుకుంటే అటువంటి చోటికే వెళ్లాలి. ఎంజైమ్ శుద్ధి, ఔషధ మొక్కలు, సముద్ర సూక్ష్మజీవులు, స్థానిక వ్యాధుల జీవరసాయనం వంటి అంశాలకు విశాఖలో ఉండటమే సౌకర్యం. నమూనా తీసిన గంటలోనే ల్యాబ్‌కు చేరుతుంది.

గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి?

అన్ని ప్రశ్నలలోకీ దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి. ప్రవేశ పరీక్షకు ఏడాది పాటు సిద్ధమైన విద్యార్థులు గైడ్ విషయంలో ఒక్క మధ్యాహ్నంలో నిర్ణయం తీసుకోవడం చూస్తుంటే బాధ కలుగుతుంది, ఎందుకంటే తరువాతి ఐదారేళ్ల సుఖదుఃఖాలు ఆ నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటాయి.

మొదట నిబంధనలు చూద్దాం. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. కనుక మీకు నచ్చిన ప్రొఫెసర్ దగ్గర ఖాళీ ఉన్నదా, ఎన్నాళ్లు సర్వీసు ఉన్నది అనే రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి.

తరువాత ఆ గైడ్ దగ్గర పూర్తయిన థీసిస్‌లను శోధ్‌గంగలో చదవండి. దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ అక్కడ ఉచితంగా ఉంచుతున్నది. మూడు థీసిస్‌లు వరుసగా చదివితే చాలా సంగతులు బయటపడతాయి. ప్రతి విద్యార్థీ ఒకే పద్ధతిని వేరే వేరే మొక్క మీద చేసి ముగించాడా, లేక మొదటి థీసిస్‌లో మిగిలిన సందేహాన్ని రెండవ విద్యార్థి తీసుకుని ముందుకు నడిపాడా? రెండవ రకం ల్యాబ్‌లో చేరండి. అక్కడ ఒకరి పని మరొకరికి పునాది అవుతుంది, మీ అనుకోని రీడింగ్ గురించి మాట్లాడటానికి సీనియర్ ఒకరు ఉంటారు.

ఆపై ప్రస్తుత విద్యార్థులను గైడ్ లేని సమయంలో, వీలైతే క్యాంటీన్‌లో కలిసి మాట్లాడండి. రసాయనాలు అయిపోతే ఎన్ని రోజుల్లో వస్తాయి? గైడ్ వారానికి ఎన్నిసార్లు డేటా చూస్తారు? ప్రయోగం విఫలమైందని చెబితే ఏమంటారు? పేపరులో మొదటి పేరు ఎవరిది? ఈ ల్యాబ్‌లో చేరి మధ్యలో మానేసిన వారు ఉన్నారా, ఎందుకు మానేశారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబుతో పాటు, జవాబు చెప్పే ముందు వారు ఎంతసేపు ఆలోచించారో కూడా గమనించండి. గైడ్ ఇంటి పనులు, గైడ్ పిల్లల ఫీజు క్యూలు విద్యార్థుల నెత్తిన పడే ల్యాబ్ అయితే ఎంత పేరున్నా వద్దు.

పెద్ద పేరున్న గైడ్ కంటే, మీ నోట్‌బుక్‌ను శ్రద్ధగా చదివి ఈ కంట్రోల్ (పోలిక కోసం పక్కన చేసే ప్రయోగం) ఎందుకు పెట్టలేదని అడిగే గైడ్ దొరకడం ఎక్కువ అదృష్టం.

పరిశోధనాంశాన్ని గైడ్ ఇస్తారా, నేనే తెచ్చుకోవాలా?

సాధారణంగా విస్తృత రంగాన్ని గైడ్ నిర్ణయిస్తారు, అందులో మీ ప్రశ్నను మీరు రూపొందించుకోవాలి. ఉత్తరాంధ్రలో జీవరసాయన శాస్త్రవేత్త కోసం ఎదురుచూస్తున్న ప్రశ్నలకు కొరత లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో మధుమేహం, రక్తపోటు వంటి పరిచిత కారణాలు లేకుండానే దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి కనిపిస్తున్నది. తాగునీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో శారీరక శ్రమ వల్ల కలిగే నీటి లోపం వంటి అనేక ప్రతిపాదనలు ఉన్నా, మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడగట్టే వ్యర్థం) పెరిగే సమయానికి మూత్రపిండం చాలా వరకు దెబ్బతిని ఉంటుంది కనుక, సిస్టాటిన్ సీ, ఎన్‌గాల్ వంటి ముందస్తు సూచికలు ఈ ప్రాంత ప్రజల్లో ఎలా ప్రవర్తిస్తున్నాయో తెలుసుకోవడం విలువైన పని. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి ప్రారంభమైంది.

పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఎర్రరక్తకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు ఉంది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ రావడమే దీనికి మూలం. సికిల్ సెల్ వ్యాధిని 1949లో లైనస్ పౌలింగ్ బృందం అణుస్థాయి వ్యాధిగా గుర్తించింది. ఒకే మార్పు ఉన్న ఇద్దరిలో ఒకరికి వ్యాధి తీవ్రంగా, మరొకరికి తేలికగా ఉండటానికి పిండ హీమోగ్లోబిన్ (గర్భస్థ శిశువులో ఉండే రకం) పరిమాణం ఒక కారణం. అది మన గిరిజన సమూహాల్లో ఎలా మారుతున్నదన్నది పరిశోధించదగిన అంశం. అదే మన్యంలో మలేరియాకు ప్రిమాక్విన్ మందు ఇచ్చేటప్పుడు జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారి ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. ఆ ఎంజైమ్‌ను ఊరిలోనే నమ్మకంగా కొలవగల పద్ధతి కూడా ఒక పీహెచ్‌డీకి తగిన సమస్యే.

2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి పీల్చినవారి శరీరాల్లో ఏమి జరిగిందన్నది కూడా జీవరసాయనమే. కాలేయం స్టైరీన్‌ను స్టైరీన్ ఆక్సైడ్‌గా, ఆపై మాండెలిక్, ఫినైల్‌గ్లయాక్సిలిక్ ఆమ్లాలుగా మార్చి మూత్రంలో పంపుతుంది. ఆ ఆమ్లాలను కొలిచి ఎంత స్టైరీన్ లోపలికి వెళ్లిందో అంచనా వేస్తారు. పరిశ్రమల నడుమ పెరుగుతున్న మన నగరానికి ఇటువంటి పనిలో శిక్షణ పొందినవారు కావాలి.

తక్కువ నిధులున్న ల్యాబ్‌లో చేరినవారు ఫిషింగ్ హార్బర్ వైపు చూడవచ్చు. రొయ్య పెంకుల్లో కైటిన్ (పెంకుకు గట్టిదనమిచ్చే పదార్థం), అస్టాజాంథిన్ (ఎర్రని రంగు పదార్థం) సమృద్ధిగా ఉంటాయి, ముడిపదార్థానికి దాదాపు ఖర్చే ఉండదు. ఆ పెంకుల మీద బతికే బ్యాక్టీరియా నుంచి కైటిన్‌ను విడగొట్టే కైటినేజ్ ఎంజైమ్‌ను వేరుచేసి, శుద్ధి చేసి, ఉప్పు గాఢతకు అది ఎలా స్పందిస్తుందో పూర్తిగా వివరించడం సాధారణ పరికరాలతోనే సాధ్యమవుతుంది.

ఏ అంశమైనా ఒక పరీక్ష పెట్టుకోండి: ఊహ తప్పని తేలినా థీసిస్ నిలుస్తుందా? ఫలానా మొక్క సారానికి మధుమేహాన్ని తగ్గించే గుణం ఉన్నదని చూపడమే లక్ష్యమైతే, ఆ గుణం లేకపోతే నాలుగేళ్లు పోతాయి. ఆ మొక్కలోని పదార్థాలు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఆల్ఫా-గ్లూకోసిడేజ్ ఎంజైమ్ మీద ఎలా పనిచేస్తాయన్నది ప్రశ్న అయితే, పనిచేయవన్నది కూడా జవాబే.

ఫెలోషిప్ ఎంత వస్తుంది? లేకుండా చేరవచ్చా?

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ. 37,000, రెండేళ్ల తరువాత మదింపు పూర్తయితే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) రూ. 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్‌లు వేరుగా ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో మొదటి ర్యాంకు వచ్చినవారు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు ప్రయత్నించాలి. గైడ్‌కు ప్రాజెక్టు ఉంటే అందులో ప్రాజెక్టు ఫెలోగా చేరవచ్చు, కానీ ప్రాజెక్టు ముగిసిన రోజుతో జీతం కూడా ముగుస్తుందని గుర్తుంచుకోవాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోని నాన్-నెట్ ఫెలోషిప్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వర్తించదు.

నియమం ప్రకారం ఫెలోషిప్ లేకుండా చేరవచ్చు. బయోకెమిస్ట్రీలో మాత్రం అలా చేరవద్దనే చెబుతాము. యాంటీబాడీలు, కిట్లు, కాలమ్‌లు ఖరీదైనవి. ఇంటి నుంచి డబ్బు తెచ్చి ప్రయోగాలు చేసే పరిస్థితి వస్తే, ఖరీదైన కంట్రోల్‌ను వదిలేయాలనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఒక ఏడాది ఆగి నెట్ మళ్లీ రాయడం మేలు.

కోర్సు వర్క్ అంటే ఏమిటి?

చేరిన తరువాత కనీసం 12 క్రెడిట్ల తరగతులు ఉంటాయి. పరిశోధన పద్ధతులు, పరిశోధన నైతికత అందులో భాగం. గణాంకశాస్త్రం తరగతిని తేలికగా తీసుకోకండి. ఎన్ని నమూనాలు కావాలన్నది ప్రయోగానికి ముందే లెక్కవేయడం అక్కడే నేర్పుతారు. ఆపై ప్రతి సెమిస్టరుకు పరిశోధన సలహా సంఘం ముందు మీ పురోగతిని వివరించాలి.

విశాఖ వాతావరణం ప్రయోగాలపై ప్రభావం చూపుతుందా?

చూపుతుంది, చాలామంది అనుకునే దానికంటే ఎక్కువగానే. విదేశీ పేపర్లలో గది ఉష్ణోగ్రత అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని మన ల్యాబ్‌లో అది 33 దాటుతుంది. పది డిగ్రీలు పెరిగితే చాలా ఎంజైముల వేగం సుమారు రెట్టింపవుతుంది కనుక, జనవరి రీడింగులను మే రీడింగులతో పోల్చి తేడా కనుగొన్నామని సంబరపడటానికి ముందు నీటి స్నానంలోని థర్మామీటరు చూడాలి. ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగే ప్రతి డిగ్రీకి దాదాపు 0.028 చొప్పున తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 8.0గా సరిచేసిన ట్రిస్, కోల్డ్ రూమ్‌లో 4 డిగ్రీల వద్ద 8.6 దగ్గర ఉంటుంది. ప్రొటీన్ శుద్ధిలో వచ్చే వివరించలేని నష్టాల్లో కొన్నిటికి మూలం ఇక్కడ దొరుకుతుంది. బఫర్‌ను వాడబోయే ఉష్ణోగ్రత దగ్గరే సరిచేయండి.

సముద్రపు గాలిలోని తేమ మరో సమస్య. ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరిస్తే లోపలి పొడి మీద నీరు చేరుతుంది. డెసికేటర్‌లో ఉంచి, గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి. బ్యాలెన్స్ పక్కన సిలికా జెల్ నీలిరంగు కోల్పోతే అదే రోజు వేడిచేసి మార్చాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తరువాత నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు అంతకంటే పెద్ద గండం ఉండదు. కాబట్టి మీ బ్యాక్టీరియా స్ట్రెయిన్ల గ్లిజరాల్ స్టాకులు (గ్లిజరాల్‌లో గడ్డకట్టించి దాచిన నిల్వలు), ప్లాస్మిడ్లు (బ్యాక్టీరియాలోని వలయాకార డీఎన్‌ఏ), అరుదైన సీరం నమూనాలు రెండు వేర్వేరు భవనాల్లో ఉంచండి. వీలైతే ఒక భాగాన్ని ఫ్రీజ్-డ్రై చేయండి. అక్టోబరు, నవంబరు నెలల్లో జనరేటరు డీజిల్ బాధ్యత ఎవరిదో ల్యాబ్‌లో ముందే తేల్చుకోండి.

ఏ అనుమతులు కావాలి?

మనుషుల రక్తం, మూత్రం తీసుకోవాలంటే సంస్థాగత నైతిక సంఘం ఆమోదం, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఉండాలి. మన్యంలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారికి తెలుగు పత్రం చదివి వినిపిస్తే అది సమ్మతి కాదు. జంతువులపై పనికి జంతు నైతిక సంఘం, జన్యుమార్పిడి పనికి సంస్థాగత జీవభద్రత సంఘం అనుమతి అవసరం. ఇవి నెలలు పడతాయి కనుక, కోర్సు వర్క్ నడుస్తుండగానే దరఖాస్తు చేయండి. పని మొదలయ్యాక తెచ్చుకున్న అనుమతి చెల్లదు.

ఎన్నేళ్లు పడుతుంది? మధ్యలో పెళ్లి, పిల్లలు అయితే?

కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. మహిళా పరిశోధకులు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. ఇది హక్కు, ఎవరి దయా కాదు. తడి ప్రయోగాలు (ల్యాబ్‌లో రసాయనాలతో చేసేవి) ఉన్న థీసిస్‌కు ఆచరణలో నాలుగున్నర నుంచి ఆరేళ్లు పడుతుందని ఇంట్లో ముందే చెప్పండి. ‘ఇంకా అవలేదా అమ్మా?’ అనే ప్రశ్న మూడో ఏడు నుంచి మొదలవుతుంది. ఆ ప్రశ్న ఆడపిల్లలకే ఎక్కువగా ఎదురవుతుంది. తల్లిదండ్రులు ఒకసారి ల్యాబ్‌కు వచ్చి, కూతురు చేస్తున్న పని ఏమిటో చూస్తే ఇంట్లో మాట తీరు మారుతుంది.

గర్భిణులు ఎథిడియం బ్రోమైడ్, అక్రిలమైడ్, రేడియోధార్మిక పదార్థాలతో చేసే పనిని గైడ్‌తో మాట్లాడి ఇతరులకు అప్పగించాలి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయవచ్చా?

యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఉంటే చేయవచ్చు. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీకి గుర్తింపు లేదు. పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో పనిచేసేవారు అడుగుతుంటారు. సంస్థలోని హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరం) మీద తీసిన డేటాను థీసిస్‌లో వాడుకునే అనుమతి లిఖితపూర్వకంగా ఉంటేనే మొదలుపెట్టండి.

తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లీషులో థీసిస్ రాయగలనా?

రాయగలరు. శాస్త్రీయ రచనకు కావలసినది చిన్న వాక్యాలు, స్పష్టమైన క్రమం. మొదటి ఏడాది నుంచే వారానికి ఒక పేపరు చదివి, దాని ప్రశ్న, పద్ధతి, ఫలితం, లోపం ఏమిటో ఒక పేజీలో రాయండి. ముందు తెలుగులో మీ అమ్మగారికి చెప్పినట్లు రాసుకుని, తరువాత ఇంగ్లీషులో రాసినా ఫరవాలేదు. విషయం అర్థమైనవారి ఇంగ్లీషును ఎవరైనా దిద్దగలరు. ఇతరుల వాక్యాలు తెచ్చి అతికించే అలవాటు మాత్రం వద్దు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక 10 శాతం దాటితే థీసిస్ సవరించి మళ్లీ సమర్పించాలి, 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

థీసిస్‌కు ముందు పేపర్లు ప్రచురించాలా?

2022 రెగ్యులేషన్లలో యూజీసీ ఆ నిబంధనను తొలగించింది, కొన్ని విశ్వవిద్యాలయాలు తమ నియమాల్లో కొనసాగిస్తున్నాయి. ఉన్నా లేకపోయినా ప్రచురించండి, కానీ డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికలకు పంపకండి. అటువంటి పేపరు తరువాతి ఇంటర్వ్యూలో మీకే ఎదురు నిలుస్తుంది. వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను గుర్తించే పద్ధతి) చిత్రాల అసలు ఫైళ్లను, కత్తిరించనివి, తేదీలతో సహా భద్రపరచండి. నేడు మంచి పత్రికలు వాటిని అడుగుతున్నాయి.

థీసిస్ సమర్పించాక ఏమవుతుంది?

గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. వారిలో ఒకరు విదేశీయులు కావచ్చు. నివేదికలు అనుకూలంగా వస్తే బహిరంగ వైవా (మౌఖిక పరీక్ష) జరుగుతుంది. సమర్పణ నుంచి ఆరు నెలల్లో మొత్తం ప్రక్రియ పూర్తి చేయాలని నిబంధన చెబుతున్నది. వైవాలో కష్టమైన ప్రశ్నలు సాధారణంగా ప్రాథమిక విషయాల మీదనే వస్తాయి. ఈ ప్రామాణిక వక్రరేఖ ఎందుకు ఇలా వంగింది, ఈ గ్రాఫులో ఎర్రర్ బార్ దేనిని సూచిస్తుంది అని అడుగుతారు.

పూర్తయ్యాక అవకాశాలు ఏమిటి?

అధ్యాపక ఉద్యోగం కోరుకునేవారు నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) కూడా సాధించాలి. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రత్యక్ష నియామకానికి అదే కనీస అర్హత. ఏపీసెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయమే నిర్వహిస్తున్నది. పరిశోధనలో కొనసాగేవారికి డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) రీసెర్చ్ అసోసియేట్‌షిప్, జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఉన్నాయి. పరిశ్రమలో ఫార్మా సిటీ, హైదరాబాదు జీనోమ్ వ్యాలీ, రోగనిర్ధారణ కిట్ల తయారీకి పెదగంట్యాడ సమీపంలోని మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. అసే (కొలత) పద్ధతిని మీరే రూపొందించి, దాని పరిమితులను నిజాయితీగా నమోదు చేసిన అనుభవం ఉంటే పరిశ్రమ ఇంటర్వ్యూల్లో అది ఎంతో ఉపయోగపడుతుంది.

నచ్చిన గైడ్‌కు మొదటి ఈమెయిల్ ఎలా రాయాలి?

పది వాక్యాలకు మించకుండా రాయండి. మీరు ఎవరు, ఏ పరీక్షలో ఏ స్కోరు వచ్చింది, వారి ఏ పేపరు చదివారు, అందులో మీకు వచ్చిన సందేహం ఏమిటి, ఎప్పుడు కలవవచ్చు అన్నవి ఉంటే చాలు. ఒకే లేఖను ఇరవై మందికి పంపితే చదివేవారికి తెలిసిపోతుంది. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా మరోసారి రాయండి, లేదా ఉదయం పదిన్నర తరువాత విభాగానికి వెళ్లి కలవండి. వెళ్లేటప్పుడు ఎం.ఎస్సీ. ప్రాజెక్టు నివేదికతో పాటు, విఫలమైన ప్రయోగాల పేజీలు కూడా ఉన్న అసలు ల్యాబ్ నోట్‌బుక్ తీసుకెళ్లండి. గైడ్ ఆ పేజీల మీద ప్రశ్నలు అడిగితే, మీరు వెదుకుతున్న ల్యాబ్ అదే కావచ్చు.